రెండు బటన్లు తారుమారైన పెళ్ళి

ఒక పెళ్ళికొడుకును గుర్రం మీదే ఏడిపించి, అదే రోజు పెళ్ళికూతురిని పుట్టింటివాళ్ళ ముందు గెంతించి, ఎనిమిది మంది పెద్దమనుషుల పరువును సూరత్‌లోని ఆల్థాన్‌లో, పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే ఒక పార్టీ ప్లాట్‌లో ఎర్ర తివాచీ మీద పరిచిన ఘనుడు ఒకడున్నాడు. వాడెవడో చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు. ఉన్న సిగ్గంతా ఆ రోజే ఖర్చయిపోయింది. వాణ్ణి నేనే. వాడిన ఆయుధం కత్తీ కాదు, కర్రా కాదు. కంప్యూటర్ కీబోర్డు మీద పక్కపక్కనే బుద్ధిమంతుల్లా కూర్చునే రెండు బ్రాకెట్ బటన్లు.

మీరు నవ్వుతారని తెలుసు, నవ్వండి. రెండేళ్ళయినా నాకు మాత్రం ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. ఎవరి మీద అన్నది మాత్రం మధ్యమధ్యలో మారుతూ ఉంటుంది, మీరు కాస్త సర్దుకోండి.

మేముండేది సూరత్‌లో, లింబాయత్ గల్లీలో. కింద సాంచాల కార్ఖానా, పైన మా ఇల్లు. మరమగ్గాన్నే ఇక్కడ సాంచ అంటారు. పన్నెండు సాంచాలు రెండు పాళీల్లోనూ ధడేల్ ధడేల్‌మంటూనే ఉంటాయి. మా ఇంట్లో గుసగుసలుండవు, రహస్యాలు కూడా అరిచే చెప్పుకుంటాం. కరెంటు పోయి సాంచాలు ఆగాయంటే ఏదో ఘోరం జరిగిందని ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడి లేస్తాం. ఈ చప్పుడును గుర్తుపెట్టుకోండి, ముందుముందు దీనిక్కూడా నేరంలో వాటా ఉంది.

నేను పగలు రింగ్ రోడ్‌లో ఒక చీరల దుకాణంలో పార్సిళ్ళ మీద అతికించే అడ్రసులు టైపు చేస్తాను. కళ్ళు మూసుకుని కొడతాను. అదే నా గర్వం. ఇక సంగీతం అంటారా, మునిసిపాలిటీ తెలుగు మీడియం బడిలో మా బ్యాండ్ మాస్టారు నాకు ఐదు గీతల మీద స్వరాలు రాయడం నేర్పారు. ఆ రెంటినీ కలిపి కంప్యూటర్‌లో నొటేషన్ రాసే సాఫ్ట్‌వేర్ ఒకటి పట్టాను. మూడేళ్ళలో దాని షార్ట్‌కట్లు నా వేళ్ళకు ఎంత అలవాటయ్యాయంటే, బుర్రకు పనిలేకుండా పోయింది. బుర్ర కూడా అభ్యంతరం చెప్పలేదు.

ఈ విద్యను గుర్తించిన ఒకే ఒక్క మనిషి రాజేశం కాక. మా నాన్నకు దోస్తు. ఇరవై ఏళ్ళ వయసులో జగిత్యాల పక్క పల్లె నుంచి ఒక సంచీ, ఒక క్లారినెట్ పట్టుకుని సూరత్ రైలెక్కాడు. సంచీ ఎప్పుడో చిరిగిపోయింది. క్లారినెట్ మిగిలింది. ముప్పై ఏళ్ళు సాంచాల మధ్య నిలబడి, తనలాంటి మరో ఏడుగురు సాంచ పనివాళ్ళను కూడగట్టి ఒక బ్యాండు పెట్టాడు. పెద్ద డ్రమ్ము పోశం బాపుది. ఆయనకు చెవులు సాంచాలకే అంకితమైపోయాయి. డ్రమ్ము మీద ఆయనకు తెలిసిన వేగం ఒక్కటే, సాంచ వేగం. పెళ్ళయినా, వినాయకుడైనా, పంద్రాగస్టు అయినా అదే దెబ్బ. పాట నెమ్మదిగా సాగాలన్నా, గబగబా ఉరకాలన్నా అంతా నేను రాసిన కాగితంలోనే ఉండాలి.

ఆ కాగితాన్ని వాళ్ళు చదివే తీరు చూడాలి. సాంచ మీద డిజైన్ చదివినట్టే చదువుతారు. అందులో ఉన్నదే దించుతారు, ఒక్క పోగు ఎక్కువ కాదు, తక్కువ కాదు. ఇది కాక పెట్టిన కట్టుబాటు. దీని వెనక ఒక చరిత్ర ఉంది.

"ఒకపారి డిజైన్ల నెమలికి మూడు కాళ్ళు ఉండెరా," అని కాక చాలాసార్లు చెప్పాడు. "నేను సూశిన. మూడు కాళ్ళెందుకుంటయని ఒక కాలు తీసేశిన. సేఠ్ వచ్చి నా మీద ఎగిరిండు. నిన్ను నెయ్యిమన్ననా, సోచాయించుమన్ననా అన్నడు. మళ్ళ మూడు కాళ్ళు పెట్టి థాన్లకు థాన్లు నేశిన. ఏమైందో ఎరుకేనా?"

"ఏమైంది కాకా?"

"మార్కెట్ల గదే నడిచింది! కొత్త డిజైనట! అప్పటిసంది చెప్తున్న, తప్పున్నా సరే, కాగితంల ఉన్నదే దించాలె. మనం బుర్ర పెట్టొద్దు."

నాకు ఆ కట్టుబాటు భలే నచ్చింది. ఎనిమిది మంది మనుషులు నేను రాసిందాన్ని శాసనంలా పాటిస్తున్నారంటే ఇరవై రెండేళ్ళ వెధవకు ఎంత కొవ్వు పడుతుందో ఊహించండి.

అలాంటి రోజుల్లో కాకకు దగ్గు పట్టుకుంది. దూది ధూళి ఛాతీలో చేరిందనీ, సాంచ వదిలితే తప్ప దగ్గు వదలదనీ డాక్టరు చెప్పాడు. సాంచ వదిలితే తినేదేమిటి? అప్పుడే జిగ్నేశ్ భాయ్ తగిలాడు. ఆల్థాన్ వైపు పెళ్ళిళ్ళన్నీ ఆయన చేతి మీదుగానే జరుగుతాయి. "ఈ ఒక్క పెళ్ళి బాగా వాయించండి. తర్వాత నా సీజనంతా మీ బ్యాండే," అన్నాడు.

మా కాకది తొందర. ఆలు లేదు, చూలు లేదు, అల్లుడికి బట్టలు కుట్టించిన రకం. ఆ సాయంత్రమే కార్ఖానా మేస్త్రీకి "సోమారం సంది వస్తలేను" అని చెప్పేసి, బ్యాండుకు బంగారు జరీ అంచున్న ఎర్ర కోట్లు కుట్టించేశాడు. అంటే ఆదివారం పెళ్ళి చెడితే సోమవారం కాకకు సాంచా లేదు, బ్యాండూ లేదు. ఇది నాకు తెలుసు. తెలిసే చేశాను అనను. తెలిసి కూడా చేశాను అంటాను.

పెళ్ళివారు కోరింది రెండు పాటలే. రెండూ పెళ్ళికూతురి నాయనమ్మవి. అందరూ ఆమెను 'బా' అంటారు. వాళ్ళ సౌరాష్ట్ర పల్లెలో పాడుకునే పాటలట, బయట ఎవరికీ తెలియవు. ఒకటి పెళ్ళికొడుకు బరాత్ గేటు దగ్గరికి వచ్చినప్పుడు హుషారుగా వాయించాలి. రెండోది విదాయి పాట, అంటే మన అప్పగింతలన్నమాట. రాళ్ళు కరిగేలా నెమ్మదిగా సాగాలి. బా తానే పాడి రికార్డు చేసి నా ఫోన్‌కు పంపింది. శనివారం దాకా బ్యాండులో సగం మంది పగటి పాళీ, సగం మంది రాత్రి పాళీ కాబట్టి కలిసి సాధన చేసే దారి లేదు. ఆదివారం పొద్దున అందరి చేతుల్లో కాగితాలు పెట్టడమే.

"పాట ఇంటవా కాకా?" అని ఫోన్ చూపించాను.

"నాకెందుకురా పాట? కాగితమియ్యి సాలు."

శుక్రవారం సాయంత్రం కంప్యూటర్ తెరిచాను. సాఫ్ట్‌వేర్ తనంతట తానే అప్‌డేట్ అయి కూర్చుంది. "మీ కోసం ఎన్నో మెరుగుదలలు తెచ్చాం, కొత్తగా ఏమున్నాయో చదవండి," అంటూ ఒక పొడవాటి కిటికీ తెరిచింది. నేను చదవలేదు. మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి మూసేశాను. మీరు చదువుతారా? నిజం చెప్పండి. ఆ, అదీ.

ఆ తర్వాత మొదలైంది నరకం. కాపీ చేద్దామని నొక్కితే ఏదో సహాయం పేజీ తెరుచుకుంది. ఒక స్వరం వేద్దామంటే విరామం పడింది. గీత గీద్దామంటే పేజీయే మాయమైంది. వెనక్కి తెద్దామని నొక్కితే "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని ఐదు నక్షత్రాలు చూపించింది. నా అభిప్రాయం అప్పుడే చెప్పేవాణ్ణి గానీ, అంత పచ్చిగా రాసే వీలు అందులో లేదు.

అయ్యా, ఈ బటన్లు మార్చే మహానుభావులను నేనొకటి అడగాలి. మీ ఇంట్లో ఉప్పు డబ్బాలో పంచదార, పంచదార డబ్బాలో ఉప్పు పోసి, అమ్మతో "మెరుగుదల" అని చెప్పి చూడండి. మీ వీపు మీద ఎన్ని నక్షత్రాలు పడతాయో! నా వేళ్ళు మూడేళ్ళు నేర్చుకున్నదాన్ని ఒక్క రాత్రిలో, నన్నడక్కుండా, నిద్రలో ఉండగా మార్చేస్తారా? దొంగైనా వస్తువులు ఎత్తుకుపోతాడు గానీ, ఇంట్లోనే సామాన్లు అటూ ఇటూ సర్ది "బాగుందా?" అని అడగడు.

నేనలా కీబోర్డును బాదుతుంటే మా అమ్మ వంటింట్లోంచి సాంచాల మీదుగా అరిచింది.

"ఏందిరా, కింది సాంచ పైకొచ్చిందా?"

"బటన్లు మార్చిండ్రే అమ్మా!"

"మీ నాయిన పాత సాంచ తీసి కొత్త సాంచ పెడితే వారం రోజులల్ల నేర్సుకున్నడు. నీకు రెండు బటన్లు నేర్సుకునుడు రాదా?"

"గది వేరు, గిది వేరు!"

"అవ్. ఆయన సదివి నేర్సుకున్నడు, నువ్వు ఒర్రి నేర్సుకుంటున్నవ్."

సరే, పౌరుషం వచ్చింది. శనివారం దుకాణానికి డుమ్మా కొట్టి, మారిన ఒక్కో షార్ట్‌కట్‌నూ తిట్టుకుంటూ కనిపెట్టి, ఒక కాగితం మీద రాసి గోడకు అతికించాను. పదిహేడు మార్పులు పట్టాను. పట్టనివి రెండే రెండు. అవి ఎందుకు దొరకలేదంటే, ఆ రెండూ చక్కగా పనిచేశాయి.

నా పద్ధతి చెబుతాను వినండి. పాటను ముందు మామూలు నిడివిలో టకటకా కొట్టేస్తాను. తర్వాత పాట మొత్తం ఎంచుకుని, ఎడమ బ్రాకెట్ నొక్కితే ప్రతి స్వరం సగమవుతుంది, పాట హుషారెక్కుతుంది. కుడి బ్రాకెట్ నొక్కితే ప్రతి స్వరం రెండింతలవుతుంది, పాట నెమ్మదిస్తుంది. ఇది మూడేళ్ళ సంగతి. మెరుగుదల వచ్చాక ఎడమది సాగదీస్తుంది, కుడిది కుదిస్తుంది. ఎందుకని అడక్కండి. ఎవడికో ఆఫీసులో ఆ పూట పనిలేదు, అంతే.

బరాత్ పాటకు ఎడమది నొక్కాను. విదాయి పాటకు కుడిది నొక్కాను. తెర వైపు చూడలేదు. అడ్రసులు టైపు చేసే చేయి తెర చూస్తుందా? పోనీ వినొచ్చు కదా అంటారా? కింద పన్నెండు సాంచాలు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే సాంచాలు వాటి లోపలికి కూడా వచ్చేవి. పైగా కాక వచ్చి నా నెత్తిన నిలబడ్డాడు.

"అయిందా?"

"అయితున్నది కాకా."

"అయిందా అంటే అయిందనాలె, అయితున్నది అనొద్దు. జెరాక్స్ దుకాణం మూస్తడు."

పెన్‌డ్రైవ్ పట్టుకుని ఉరికాను. జెరాక్స్ మిషన్‌లోంచి బరాత్ పాట వస్తూనే ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు పేజీలు! ఒక్క పేజీ పాట అది. విదాయి పాట రెండు పేజీలు రావాలి, సగం పేజీలో ముగిసింది. పాఠకులారా, నాకు ఆ క్షణాన ఏం అర్థం కావాలి? అర్థమయింది మీకు. నాకేం అర్థమైందంటే, సాఫ్ట్‌వేర్ వాళ్ళు కాగితం కూడా దండగ చేస్తున్నారని! "ఒకదానికి నాలుగు పేజీలు మింగి, ఇంకోదాన్ని ఇరుకు చేసి కొట్టారు దొంగలు," అని జెరాక్స్ వాడి ముందు పది నిమిషాలు ఉపన్యసించాను. సాక్ష్యం చేతిలో పట్టుకుని దొంగను తిట్టిన పోలీసును మీరెక్కడా చూసుండరు.

పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళాడని సామెత. నేను అప్‌డేట్‌ను చంకన పెట్టుకెళ్ళాను. పిల్లయితే కనీసం మ్యావ్ అనేది.

ఆదివారం పొద్దున తొమ్మిది గంటలు. పార్టీ ప్లాట్ గేటు ముందు మా వాళ్ళు ఎనిమిది మంది ఎర్ర కోట్లలో ఎండుమిరపకాయల దండలా నిలబడ్డారు. తెల్ల గుర్రం మీద పెళ్ళికొడుకు వచ్చాడు. స్నేహితులు చేతులు పైకెత్తి, నడుములు ఒక పక్కకు వంచి, పాట మొదలవగానే విజృంభించడానికి సిద్ధంగా ఉన్నారు. జిగ్నేశ్ భాయ్ రుమాలు ఊపాడు. పోశం బాపు ధడేల్‌మని దెబ్బ వేశాడు. కాక క్లారినెట్ ఎత్తాడు.

ఒక స్వరం మొదలైంది.

అది ఇంకా సాగుతోంది.

ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. కాసేపటికి చేతులు నొప్పి పుట్టి ఒక్కొక్కటే దిగాయి. రెండో స్వరం వచ్చేసరికి గుర్రం తల వంచింది. మూడో స్వరానికి పెళ్ళికొడుకు తాతగారు తలపాగా తీసి చేతుల్లో పట్టుకున్నారు. ఆయన్ని చూసి మరో నలుగురు తీశారు. రోడ్డు మీద పోతున్న ఒకాయన స్కూటర్ ఆపి, చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని దండం పెట్టాడు. తర్వాత వాచ్‌మన్‌ను అడిగాడు.

"పాపం, ఎవరు పోయారు?"

"గుర్రం మీదున్నాయన," అన్నాడు వాచ్‌మన్. వాడు బరాత్ ఎవరిదని అడిగినట్టు అనుకున్నాడు.

నేను కాక దగ్గరికి ఉరికాను. "కాకా, జర ఫాస్ట్! ఫాస్ట్!"

కాక క్లారినెట్ పక్కకు తీసి, "కాగితంల అట్ల లేదు!" అని మళ్ళీ పెట్టుకున్నాడు.

"కాగితం తప్పున్నది కాకా!"

"తప్పున్నా గదే దించాలె!"

ఇది నేను మెచ్చుకున్న కట్టుబాటేనని గుర్తుంది కదా. పోశం బాపు చెవి దగ్గర నోరు పెట్టి "బాపూ, ఆపు!" అని అరిచాను. ఆయన బాగుందంటున్నాననుకుని నవ్వి తలూపాడు. నాలుగు పేజీలు! నాలుగు పేజీలూ వాయించారు! ఆడపెళ్ళివారి మహిళలు కొంగులు కళ్ళకు అద్దుకున్నారు. పెళ్ళికొడుకు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ముఖానికి కట్టిన పూలు కంట్లో గుచ్చుకున్నాయని తర్వాత చెప్పాడట. నేను నమ్మలేదు.

జిగ్నేశ్ భాయ్ నన్ను షామియానా వెనక్కి లాక్కెళ్ళాడు. ఆయన ముఖం మా వాళ్ళ కోట్ల రంగుకు వచ్చింది.

"యే క్యా హై? షాదీ హై యా స్మశాన్ యాత్ర?"

"భాయ్, సాఫ్ట్‌వేర్‌లో ఏదో..."

"సాఫ్ట్‌వేర్ పెళ్ళి చేసుకుంటోందా? విదాయి ఒక్కటే మిగిలింది. అదీ పోతే మీ బ్యాండు పోయినట్టే. సమ్‌ఝే?"

"సమ్‌ఝా భాయ్."

ఏం అర్థమైందో నాకే తెలియదు. సాయంత్రం నాలుగింటికి విదాయి. మధ్యలో ఏడు గంటల సమయం ఉంది. తెలివైనవాడైతే ఆ విదాయి కాగితం ఒకసారి తీసి చూస్తాడు. నేను చూద్దామనే వెళ్ళాను. కాక కాగితాలన్నీ క్లారినెట్ పెట్టెలో వేసి, పెట్టె మీద కూర్చున్నాడు.

"కాగితాలు జర ఇయ్యి కాకా."

"ముట్టినవంటే చేతులిరుగుతయ్. పొద్దుగాల ముట్టింది సాలదా?"

"గది కాదు కాకా..."

"సోమారం సంది రానని మేస్త్రీకి చెప్పిన్రా సంతోషూ!" దగ్గు మధ్యలో అరిచాడు. "వాడు నా సాంచ మీద కొత్తోణ్ణి పెట్టిండు! ఇప్పుడు నేనేడికి పోవాలె?"

అప్పుడైనా ఆ పెట్టె లాక్కుని కాగితం చూడాలి. అయితే నా జాతి అంత తేలిగ్గా బుద్ధి తెచ్చుకునే జాతి కాదు. ఓదార్చాలనిపించింది. ఓదార్చడానికి ఒక సిద్ధాంతం తయారు చేశాను.

"కాకా, నువ్వేం ఫికర్ చెయ్యకు. నాకు సమఝైంది. గా అప్‌డేట్ పాటలన్నిటినీ నెమ్మది చేస్తున్నది. గందుకే బరాత్ ఖరాబైంది. విదాయి ఎట్లనన్నా నెమ్మదిగనే ఉండాలె గదా? ఇంకింత నెమ్మదైతే ఇంకింత మంచిది! రాళ్ళు కూడా ఏడుస్తయ్!"

కాక పెట్టె మీద నుంచి ముందుకు వంగాడు. "పక్కానా?"

"పక్కా."

"కాగితం మంచిగ సూసినవా?"

సగం పేజీ నా కళ్ళ ముందు మెదిలింది. "సూశిన," అన్నాను.

నా జీవితంలో అన్ని అబద్ధాలకూ ఏదో ఒక సాకుంది. దీనికి లేదు.

నాలుగింటికి పూలతో అలంకరించిన కారు వచ్చి ఆగింది. పెళ్ళికూతురు తల్లిని కౌగిలించుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. తండ్రి కారు తలుపు పట్టుకుని నిలబడలేకపోతున్నాడు. చక్రాల కుర్చీలో బా తన పాట కోసం కళ్ళు మూసుకుంది. కారు కదిలే దాకా ఆపొద్దని జిగ్నేశ్ భాయ్ వేలు చూపించి హెచ్చరించాడు. నేను మాత్రం, సిగ్గు లేకుండా, చేతులు కట్టుకుని రాళ్ళు ఏడవడం కోసం ఎదురుచూస్తున్నాను.

పోశం బాపు ధడేల్‌మన్నాడు. ఆ ఒక్క ధడేల్‌లో కాక క్లారినెట్ నుంచి స్వరాలు బస్తా చిరిగిన బఠానీల్లా జారిపోయాయి. తుర్రుతుర్రుమంటూ సగం పేజీ సగం నిమిషంలో అయిపోయింది. కారు కదల్లేదు కాబట్టి మళ్ళీ మొదలు. మళ్ళీ. మళ్ళీ.

మొదట పెళ్ళికూతురు ఏడుపు ఆగింది. తర్వాత పెళ్ళికూతురి బంధువులు ఇద్దరు తెలియకుండానే చప్పట్లు కొట్టారు. సూరత్‌లో ఇద్దరు చప్పట్లు కొడితే మూడో మనిషి తిరగడం మొదలుపెడతాడు. రెండు నిమిషాల్లో కారు చుట్టూ గర్బా వలయం ఏర్పడింది. తల్లి కళ్ళ నిండా నీళ్ళు, కాళ్ళేమో తాళంలో ఉన్నాయి. పెళ్ళికూతురు కొంగు నడుముకు దోపి, కారు తలుపు వదిలేసి, వలయంలో దూకింది. డ్రైవరు హారన్ కొడితే అది కూడా పాటలో కలిసిపోయింది. పెళ్ళికొడుకు తల్లి పక్కావిడతో అంటోంది: "పుట్టిల్లు వదలడానికి పిల్లకు ఇంత సంతోషమా?"

అందరూ ఆడుతున్నారు. ఒక్క కాక మాత్రం ఊపిరి అందక ముఖం నల్లబడి, కళ్ళు పొడుచుకొచ్చి, కాగితం వైపు చూస్తూ ఊదుతున్నాడు. కట్టుబాటు తప్పలేదు. పదకొండోసారి సగంలో దగ్గు వచ్చింది. క్లారినెట్ కింద పడింది. పాట ఆగింది. ఆ నిశ్శబ్దంలో పోశం బాపు డ్రమ్ము ఒక్కటే ధడేల్, ధడేల్.

జిగ్నేశ్ భాయ్ ఈసారి అరవలేదు. ఫోన్ తీసి, కాక నంబరు వెతికి, మా కళ్ళ ముందే తీసేశాడు.

ఆటోలో లింబాయత్ దాకా కాక క్లారినెట్‌కు అంటిన దుమ్ము తుడుస్తూనే ఉన్నాడు. దిగేటప్పుడు ఒక్క మాటే అన్నాడు. "పొద్దుగాల సంపినవ్ సరే. మాపటికి సూసిన అని ఎందుకు చెప్పినవ్‌రా?"

ఆటో డబ్బులు నేనే ఇచ్చాను. ఇలాంటిది నాకు ఏడాదికి ఒకసారి కూడా జరగదు.

సోమవారం కాక సాంచ దగ్గరికి వెళ్ళాడు. మేస్త్రీ, కొత్తవాడు నెల పూర్తి చేసే దాకా ఆగమన్నాడు. మంగళవారం కాక మా మెట్ల మీద కూర్చుని దగ్గాడు. సాంచాల చప్పుడులో మిగతావన్నీ మునిగిపోతాయి గానీ, ఆ దగ్గు మాత్రం పైదాకా వినిపించింది. నేను ఆ శుక్రవారం మూసేసిన 'కొత్తగా ఏమున్నాయి' కిటికీని వెతికి తెరిచి మొదటిసారి చదివాను. మూడో వాక్యంలోనే ఉంది. మూడో వాక్యం! ఆ బటన్లు మార్చినవాడి మీద అప్పటిదాకా ఉన్న కోపమంతా వెనక్కి తిరిగి నా ఇంటి అడ్రసు అడిగింది. నాలుగు పేజీలప్పుడు నన్నడక్కపోతివి, సగం పేజీ అప్పుడు నన్నడక్కపోతివి, ఇప్పుడు నన్నంటావేం అన్నట్టు సాఫ్ట్‌వేర్ అమాయకంగా ఐదు నక్షత్రాలు చూపిస్తోంది.

బుధవారం బా నుంచి ఫోన్ వచ్చింది. కాకనూ నన్నూ ఇంటికి రమ్మంది.

"తన్నడానికే," అన్నాడు కాక.

"చక్రాల కుర్చీల ఉన్నది కాకా, తన్నదు."

"కట్టె ఉంటది గదా."

ఆల్థాన్‌లో వాళ్ళ హాలులో మమ్మల్ని నిలబెట్టి బా అక్షరాలా పావుగంట తిట్టింది. గుజరాతీలో తిట్టింది. తెలుగులోకి తెస్తే రుచి తగ్గుతుందని వదిలేస్తున్నాను. నా మనవరాలు నవ్వుతూ అత్తారింటికి పోయింది, దాని అత్త ఇంకా అదే అడుగుతోంది అంది. అరవై ఏళ్ళుగా పాడుతున్న పాటను మీరు బఠానీలు చేశారు అంది. కాక తల వంచుకుని అన్నీ దించుకున్నాడు, డిజైన్ దించినట్టే. నేను కట్టె ఎక్కడుందా అని చూస్తున్నాను.

నీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, అప్పుడు అసలు సంగతికి వచ్చింది.

"గేటు దగ్గర వాయించారు చూడు, ఆ మొదటిది. అలా ఇంకోసారి వాయించగలరా?"

"ఎక్కడ బా?" అన్నాను.

"నా బేస్‌ణుకి."

బేస్‌ణు అంటే ఇక్కడ పోయినవాళ్ళ కోసం పెట్టే సంతాప సభ. ఫోటోకు దండ వేసి, అందరూ తెల్లబట్టలతో వచ్చి కూర్చుని వెళతారు. నేను కాక వైపు చూశాను. కాక బా వైపు చూశాడు.

"ఆ పాటలో ఇంత ఏడుపు ఉందని పాడిన నాకే తెలియదు దీకరా," అంది బా, మమ్మల్ని కొడుకులను చేసేసి. "నా సత్సంగ్ మండలిలో పదిహేను మంది ముసలమ్మలున్నారు. అందరం మాట్లాడుకున్నాం. మాకందరికీ మీ బ్యాండే. అయితే ఎవరికీ తొందర లేదు."

వాళ్ళకు తొందర లేదు గానీ, వాళ్ళ చుట్టాలకు ఉంది. పది రోజుల్లో మొదటి కబురు వచ్చింది. ఆ తర్వాత ఆల్థాన్ నుంచి, కామ్‌రేజ్ నుంచి వస్తూనే ఉన్నాయి. పగటిపూట పని. నీడలో కుర్చీ వేస్తారు. నడవక్కర్లేదు, ఉరకక్కర్లేదు. ఒక్కో స్వరం తీరిగ్గా ఊదొచ్చు, మధ్యలో దగ్గొచ్చినా దుఃఖమనుకుంటారు. ధూళి లేదు కాబట్టి ఆ దగ్గు కూడా ఇప్పుడు సగమైంది. పోశం బాపు డ్రమ్ముకు దుప్పటి చుట్టాం. ఎర్ర కోట్లు మా అమ్మ ఇనప్పెట్టెలో ఉన్నాయి.

కాక ఇక సాంచ ముఖం చూడలేదు. నన్ను క్షమించనూ లేదు.

"పెండ్లి బ్యాండు పెడ్దామంటే చావు బ్యాండు జేసినవ్ గదరా!"

"మూడు కాళ్ళ నెమలి కాకా. మార్కెట్ల గదే నడిచింది."

అలా అన్నందుకు ఒకసారి క్లారినెట్ పెట్టెతో తగిలింది. అప్పటి నుంచి దూరంగా నిలబడి అంటున్నాను.

మొన్న మరో కిటికీ తెరుచుకుంది. ఈసారి చదివాను. ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చదివాను. "గతంలో చేసిన మార్పు వల్ల మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం. మీ కోరిక మేరకు ఈ అప్‌డేట్‌లో పాత షార్ట్‌కట్లన్నిటినీ మళ్ళీ తెస్తున్నాం." రెండేళ్ళు! రెండేళ్ళు పట్టి నా వేళ్ళకు కొత్తవి నేర్పాను! ఎవడ్రా కోరింది? పెళ్ళి చెడిన కోపంలో అప్పుడెప్పుడో నేను పెట్టిన ఫిర్యాదును ఇన్నాళ్ళకు, నాకు అక్కర్లేనప్పుడు, అంత భక్తిగా చదివినవాడెవడు?

రేపు నాలుగింటికి కామ్‌రేజ్‌లో ఒక ముసలాయన బేస్‌ణు. కాగితాలు రాయాలి. కాక తలుపు దగ్గర నిలబడి కిటికీని చూశాడు, నన్ను చూశాడు.

"సదివినవా?"

"సదివిన కాకా."

"మళ్ళ సదువు. లేకపోతే రేపు దండేసిన ఫోటోతోని గర్బా ఆడిపిస్తవ్."

కాబట్టి ఇంకా దండ పడని ఆ ఫోటో సాక్షిగా, ఇనప్పెట్టెలోని ఎనిమిది ఎర్ర కోట్ల సాక్షిగా, మూడు కాళ్ళ నెమలి మూడో కాలి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట చదవకుండా ఏ కిటికీనీ మూయను, చూడకుండా చూశానని చెప్పను, పేజీలు లెక్కపెట్టకుండా ఎవడినీ తిట్టను. ఇంత గంభీరంగా ప్రమాణం చేసి, తలెత్తి, 'అప్‌డేట్ చేయి' అన్న బటన్ వదిలి, 'తర్వాత గుర్తు చేయి' అన్న బటన్ నొక్కాను.

అది ఎడమవైపు ఉందో కుడివైపు ఉందో కాకకు కూడా చూపించాకే నొక్కాను.